వానలు మొదలయ్యేలోపు స్టీలు గిన్నెల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ముసురు పట్టిన రోజుల్లో కడిగి బోర్లించిన స్టీలు గిన్నెల మీద మరునాటికల్లా గోధుమరంగు చుక్కలు తేలడం చాలా ఇళ్లలో కనిపించేదే. స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకంతో కొన్నవారికి అది నాసిరకం సరుకు అంటగట్టిన మోసంగా తోస్తుంది. ఎక్కువ సందర్భాల్లో లోపం గిన్నెది కాదు, దానిని తోమిన, ఆరబెట్టిన, సర్దిన పద్ధతిది. గాలిలో తేమ పెరగకముందే ఒక పూట కేటాయించి గిన్నెలన్నింటినీ పరీక్షించి, కొన్ని అలవాట్లు మార్చుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలులో సింహభాగం ఇనుమే. అందులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఒక ఆక్సైడు పొరను పైన కప్పుతుంది. కంటికి కనిపించని ఆ పొరే లోపలి ఇనుముకు రక్ష. గీత పడి పొర తెగినా, ఆ చోటు శుభ్రంగా ఉండి గాలి తగిలితే అది తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. అయితే ఉప్పులోని క్లోరైడు ఈ పొరను అక్కడక్కడా ఛేదించి సూదిమొనంత గుంటలు చేస్తుంది; తడి నిలిచి గాలి ఆడని ఇరుకుల్లోనేమో, ఆక్సిజన్ అందక పొర తిరిగి కట్టుకోలేకపోతుంది. ఉత్త మంచినీళ్లు తగిలినంత మాత్రాన మంచి స్టీలు తుప్పు పట్టదు; ఉప్పు, నిలవ తడి, బయటినుంచి అంటిన ఇనుపరజను, వీటిలో ఏదో ఒకటి తోడైనప్పుడే చుక్కలు మొదలవుతాయి.

పరీక్షను పగటి వెలుతురులో చేయడం మంచిది. మరకలన్నీ తుప్పు కావు కనుక ముందు వాటిని వేరుచేసి చూసుకోవాలి. తెల్లగా సున్నంలా కనబడేవి నీటిలోని లవణాలు ఆరిపోగా మిగిలిన మరకలు. నీలం, పసుపు కలిసి ఇంద్రధనుస్సులా మెరిసేది అతివేడి వల్ల పై పొర మందమెక్కడంతో వచ్చిన రంగు. ఈ రెండింటివల్లా గిన్నెకు హాని లేదు. గోధుమ, నారింజ రంగుల్లో ఉండి, తడివేలితో రుద్దితే వేలికి అంటేదే తుప్పు. పిడిని బిగించిన రివెట్ల చుట్టూ, లోపలికి మడిచిన అంచుల కింద, అతుకుల దగ్గర మరింత జాగ్రత్తగా చూడాలి. గిన్నె నడుమ భాగం తళతళలాడుతున్నా తుప్పు మాత్రం ఈ మూలల్లోనే మొదలవుతుంది.

ఏ గిన్నె ఏ రకమో తెలిసి ఉంటే దేనిమీద ఎక్కువ దృష్టి పెట్టాలో తేలుతుంది. 18/8 అని అడుగున ముద్ర ఉంటే దానిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నట్టు. దీనినే 304 రకం అంటారు. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కూడా ఉండడంవల్ల అది ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది. నికెల్‌లో కొంత తగ్గించి మాంగనీసు కలిపిన 200 శ్రేణి స్టీలు చౌకే గాని, చుక్కలు త్వరగా వచ్చేది దానికే. అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు అని చెప్పుకునే మాటను మాత్రం పట్టించుకోనక్కరలేదు. ఇండక్షన్ పొయ్యికి పనికివచ్చేలా గిన్నె అడుగుకు అతికించే 430 రకం సహజంగానే అయస్కాంతానికి అంటుకుంటుంది. కాకపోతే దానిలో నికెల్ దాదాపు ఉండదు కాబట్టి ఆ అడుగును తడిగా వదలకూడదు.

మార్చుకోవలసిన అలవాట్లలో మొదటిది ఇనుప పీచు. మాడిన అడుగును దానితో గట్టిగా తోమినప్పుడు పీచునుంచి రాలిన సన్నని ఇనుప తునకలు గీతల్లో ఇరుక్కుపోయి, తేమ తగలగానే తుప్పుపడతాయి. చూసేవారికి గిన్నే తుప్పు పట్టినట్టు ఉంటుంది. అడుగంటినప్పుడు వేడినీళ్లు, కాస్త వంటసోడా పోసి నానబెట్టి, ఆ తరువాత నైలాన్ స్క్రబ్బరుతోనో మెత్తని స్పాంజితోనో తోమితే సరిపోతుంది. ఇనుప పెనాలను, తుప్పు పట్టిన చాకులను స్టీలు గిన్నెలతో కలిపి తడిమీద పేర్చకపోవడం కూడా ఇదే కారణంగా అవసరం.

రెండవది ఉప్పు. చల్లని నీళ్లలో ఉప్పు వేస్తే అది కరగకుండా అడుగున పేరుకుంటుంది. ఆ గింజల కింద ఉప్పుసాంద్రత పెరిగి, ఇక ఎంత తోమినా పోని సన్నని గుంటలు పడతాయి. నీళ్లు మరిగాక ఉప్పు వేసి వెంటనే కలిపితే ఈ ఇబ్బంది ఉండదు. ఉప్పు, పులుపు ఉన్న వంటకాన్ని రాత్రంతా స్టీలు గిన్నెలో ఉంచడం, ఉప్పు నిలవకు స్టీలు డబ్బా వాడడం వానాకాలంలో పూర్తిగా మానుకోవాలి. బ్లీచింగ్ ద్రావణంలో గిన్నెలు నానబెట్టడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే దానిలోని క్లోరిన్ సమ్మేళనాలు పొరను నేరుగా దెబ్బతీస్తాయి. సముద్రతీరాన ఉండేవారి ఇళ్లలో గాలి మోసుకొచ్చే ఉప్పు కూడా గిన్నెలపై చేరుతుంది కాబట్టి, వాడకుండా పక్కన పెట్టిన వాటినీ అప్పుడప్పుడు కడిగి తుడవాలి.

ఆరబెట్టడం గురించి కాస్త పట్టుదలగా ఉండవలసిందే. తడి గిన్నెలను ఒకదానిలో ఒకటి దూర్చి మూతలు బిగించి అల్మారాలో పెడితే గాలి ఆడని ఇరుకులు మనమే తయారుచేసినట్టు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, రివెట్ల దగ్గర, అంచు మడతల్లో గుడ్డ కొస దూర్చి తడి తీసేసి, గాలి తగిలేచోట కొంతసేపు ఉంచాకే లోపల సర్దాలి. చాలాకాలం వాడనివాటికి మూత వేరుగా పెట్టాలి.

ఇప్పటికే చుక్కలు ఉంటే వంటసోడాను నీళ్లతో ముద్దగా కలిపి పూసి, పదిహేను నిమిషాలు ఆగి, స్టీలు మీది సన్నని గీతలు సాగిన దిశలోనే మెత్తని గుడ్డతో రుద్దాలి. పోకపోతే నిమ్మరసం గాని వెనిగర్ గాని రాసి కొద్దిసేపు ఉంచి, బాగా కడిగి తుడవాలి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం పైన అంటిన ఇనుపరజనును కరిగిస్తుంది కాబట్టి, తరువాత క్రోమియం పొర శుభ్రంగా కట్టుకుంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండే మరుగుదొడ్డి ద్రావణాలను ఎట్టి పరిస్థితిలోనూ గిన్నెలకు వాడకూడదు. బ్లీచ్ తగిలిన గిన్నె మీద నిమ్మరసం, వెనిగర్ పోయరాదు. ఆ కలయికలో వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు హానికరం.

శుభ్రం చేసిన గిన్నెను రెండు మూడు రోజులు మామూలుగా వాడుతూ గమనించాలి. చుక్కలు తిరిగి రాకపోతే అది పైపైన అంటిన రజనే. అదే చోట మళ్లీ వచ్చి, గోరుతో తడిమితే గుంట తగులుతుంటే తుప్పు లోహంలోకి దిగినట్టే. అటువంటి గుంటలో వంట అవశేషాలు చేరి శుభ్రపడవు కనుక, ఆ గిన్నెను పొయ్యి మీదనుంచి తప్పించి పొడి సరుకులు పోసుకోవడానికి కేటాయించవచ్చు. రివెట్టు చుట్టూ తుప్పు తిని పిడి కదులుతున్నదాన్ని మాత్రం వాడకూడదు, ఎందుకంటే మరుగుతున్న నీళ్లతో ఎత్తినప్పుడు అది ఊడిరావచ్చు.