సూర్యకణాల దారి – 4వ పాఠం: ఆ 0.3 ఎక్కణ్నుంచి వచ్చింది?

సూర్యుడి మీద జ్వాల (పేలుడు) పుట్టినప్పుడు వెలువడే ప్రోటాన్లు మన దాకా వచ్చిన దారి పొడవును, వేర్వేరు శక్తులవి చేరిన సమయాల తేడాతో కట్టడం పోయిన పాఠం లెక్క. దానికి మన బెంగళూరు బృందం పంపిన జవాబుల్లో దారి పొడవు 0.3 ఏయూ, 0.4 ఏయూ అని ఉంది (ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం). సూర్యుడున్నదే 1 ఏయూ దూరంలో! పైగా కణాలు పార్కర్ సర్పిలం (తిరిగే సూర్యుడి నుంచి సౌరగాలి లాక్కొచ్చే అయస్కాంత రేఖల మెలిక) వెంట వంపు తిరిగి వస్తాయి కనుక 1.2కి అటూఇటూగా రావాలి. ముందు దీన్ని సరిచేసుకుందాం, అందుకే పరిక్షేపణం (కణాలు దారిలో చెదరడం) పాఠం వచ్చే వారానికి.

మీ కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. ఎంచుకున్న గీతే తప్పు. గోస్ (ప్రోటాన్లను కొలిచే అమెరికా ఉపగ్రహాలు) గ్రాఫులో "≥10 ఎంఈవీ" అంటే శక్తి 10 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), ఆపైన ఉన్న ప్రోటాన్లన్నీ. ముందుగా చేరేవి 100 ఎంఈవీవి. అవి రాగానే ≥100 గీతతో పాటు ≥50, ≥10 గీతలూ లేస్తాయి. అంటే ఒకే కణాలను మూడుసార్లు కొలిచి, మూడు శక్తులని రాసుకున్నారు. సమయాల తేడా తగ్గితే, చేరిన సమయానికీ 1/వేగానికీ గీసిన గీత వాలు, అంటే దారి పొడవు, పడిపోక ఏం చేస్తుంది? డిఫరెన్షియల్ ఛానళ్లే (రెండు శక్తుల మధ్య ఉన్న కణాలను మాత్రమే లెక్కించేవి) తీసుకోండి. అక్కడా జాగ్రత్త: ఛానల్ 8 నుంచి 12 ఎంఈవీ దాకా ఉంటే ముందు తగిలేవి 12వే. చాలామంది మధ్య విలువ వాడతారు. నేను పై అంచే వాడతాను. నేపథ్య (జ్వాలకు ముందున్న మామూలు స్థాయి) సగటుకు మూడు సిగ్మాల (ప్రామాణిక విచలనాల) పైన వరుసగా మూడు బిందువులు దాటితేనే "మొదలు" అనండి.

ఇప్పుడు లెక్క. బీటా అంటే కాంతివేగంలో ఎన్నో వంతు. 1/బీటా 100 ఎంఈవీకి 2.34, 10 ఎంఈవీకి 6.90. మొదళ్లు 10:20, 11:06 అనుకుందాం. తేడా 46 నిమిషాలు, 1/బీటాల తేడా 4.56తో భాగిస్తే 10.09. కాంతి 1 ఏయూకి తీసుకునే 8.32 నిమిషాలతో మళ్లీ భాగిస్తే 1.21 ఏయూ. విడుదల: 10:20లోంచి 23.6 నిమిషాలు (10.09 × 2.34) తీసేస్తే సుమారు 9:56.

జ్వాల ఎక్స్‌రే ఇక్కడ 10:00కి కనిపిస్తే కణాలే ముందు బయల్దేరాయని రాయకండి. ఆ కాంతి సూర్యుణ్ని వదిలింది 9:52కే. సమయాలన్నీ యూటీ (సార్వత్రిక సమయం)లోనే, మన గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది.

సర్పిలం పాదం (మన దాకా వచ్చే రేఖ సూర్యుడి మీద మొదలయ్యే చోటు) సంగతి: సౌరగాలి 400 కి.మీ./సె. ఉంటే సూర్యబింబం మధ్య నుంచి పడమరకు దాదాపు 60 డిగ్రీలు, 600 ఉంటే దాదాపు 40.

అభ్యాసం: 2017 సెప్టెంబరు 10, పడమటి అంచు దగ్గర పుట్టిన ఎక్స్8.2 జ్వాల (ఎక్స్ అంటే అత్యంత బలమైన తరగతి). కనీసం నాలుగు డిఫరెన్షియల్ ఛానళ్లతో పొడవు, విడుదల సమయం తేల్చండి. 300, 400, 600 వేగాలకు పాదానికీ జ్వాలకూ మధ్య ఎన్ని డిగ్రీల దూరమో రాయండి. పొడవు 2 ఏయూ దాటితే మళ్లీ కొలిచే ముందు, తక్కువ శక్తి ఛానల్ మొదలు నేపథ్యంలో మునిగి ఆలస్యంగా కనిపించిందేమో చూడండి.