పాత మంచు స్కేటు ఏ ప్రాంతానిదో పోల్చుకోవడం ఎలా

పాత మంచు స్కేటు అంటే బూటు కింద బిగించుకుని మంచుమీద జారడానికి చెక్క అడుగున ఇనుప బ్లేడు తొడిగిన సాధనం. అది చేతికి రాగానే అందరి చూపూ బ్లేడు ముందుకొన మెలికమీదికే పోతుంది. దాన్ని చూసి ఇది నెదర్లాండ్స్ పడమటి భాగమైన హాలండ్‌దని తేల్చేయకండి. జర్మనీలోని రెమ్‌షైడ్ కార్ఖానాలు పరదేశాలవాళ్లు కోరిన ఆకారాల్లోనూ స్కేట్లు చేసి పంపేవి. అసలు ఆనవాలు మడమ దగ్గర దొరుకుతుంది.

స్కేటును బోర్లించండి. బ్లేడు మడమ చెక్క చివరిదాకా, ఇంకాస్త దాటి కూడా సాగితే అది చాలావరకు నెదర్లాండ్స్ ఉత్తరానున్న ఫ్రీస్‌లాండ్ 'దోర్‌లోపర్'. చివరిదాకా సాగేది అనే ఆ పేరుకు అర్థం. గడ్డకట్టిన కాలువలమీద దూరాలు పోవడానికి చేసిన సాధనం కనుక పొడవుగా, నేలబారుగా ఉంటుంది. హాలండ్ మెలిక స్కేటులో ఇనుము మడమ కిందే ఆగిపోతుంది.

బ్లేడును గాజు పలకమీద నిలబెట్టి, రెండు కొనల నుంచీ సన్న కాగితం దూర్చి చూడండి. కాగితం నడిమిదాకా చొరబడితే అడుగు వంపు తిరిగిందన్నమాట: మలుపులకు అనువైనది. కొనల దగ్గరే ఆగిపోతే తిన్నగా, వేగంగా పోవడానికి చేసింది. ఒక్క జాగ్రత్త: పదేపదే సానపట్టిన బ్లేడులో అసలు వంపు అరిగిపోయి ఉండొచ్చు. అందుకే జతలో రెండింటినీ పరీక్షించండి.

మడమ చెక్కలోంచి మర (స్క్రూ) పైకి పొడుచుకొచ్చిందా? బూటు మడమకు రంధ్రం చేసి దాన్ని బిగించేవారు. ఇంగ్లండ్ తూర్పు చిత్తడి నేలల 'ఫెన్ రన్నర్' ఇలాంటిదే. కానీ మర ఇతర దేశాల స్కేట్లలోనూ ఉంటుంది. బ్లేడుమీద ఇంగ్లండ్‌లో ఉక్కు పనిముట్లు చేసే ఊరైన షెఫీల్డ్ ముద్ర కూడా కనిపిస్తేనే ఇంగ్లండ్ అనండి. తుప్పు పట్టిన మరను బలవంతంగా తిప్పితే ఎండిన చెక్క నిలువునా చీలుతుంది.

చెక్కే లేకుండా అంతా లోహమై, అడుగునున్న మీట నొక్కితే బూటును పట్టుకునే కొక్కేలుంటే ఉత్తర అమెరికా వైపు వెతకండి. 1860ల్లో కెనడా నోవా స్కోషియాలోని డార్ట్‌మౌత్‌లో స్టార్ సంస్థ చేసిన 'ఆక్మీ' స్కేట్లు ఈ తరహావే. అమెరికాలో మసాచుసెట్స్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బార్నీ అండ్ బెర్రీ సంస్థ పేరు కూడా తరచు కనిపిస్తుంది. చెక్కిన పేటెంటు తేదీ తయారైన ఏడాది కాదు. అదే ముద్రతో ఏళ్ల తరబడి చేస్తూ పోయేవారు.

ముద్ర కోసం తీగ బ్రష్షుతో మాత్రం రుద్దవద్దు, తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. మెత్తటి గుడ్డతో పల్చగా మెషీన్ నూనె రాసి, ఒక రోజు ఆగి తుడవండి. చీకటి గదిలో టార్చిని పక్కవాటుగా, బ్లేడుకు దాదాపు ఆనించి పట్టండి. అరిగిన అక్షరాల గుంటల్లో నీడ నిలిచి పేరు బయటపడుతుంది.