సెగ్గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎలా ఆపాలి?

సెగ్గడ్డ ఒకసారి వచ్చి మానిపోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ ఒకటి మానేలోపు ఇంకోటి లేవడం, పిరుదు మీద తగ్గితే తొడ మీద, పిల్లోడికి తగ్గితే వాళ్ళమ్మకి, ఇలా నెలల తరబడి నడుస్తుంటే మాత్రం దాన్ని ఒంట్లో వేడి అనో మామిడిపళ్ళు ఎక్కువ తిన్నామనో వదిలెయ్యకండి. ఎక్కువ కేసుల్లో దీని వెనక ఉండేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. గడ్డ మానినా అది ఒంటి మీంచి పోదు, ఇంకో చోట కూర్చుని ఉంటుంది. అందుకే గడ్డకి మందు రాసి ఊరుకుంటే సరిపోదు, అది ఉండే చోట్లన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలి.

ముందు అది ఎక్కడుంటుందో, ఎలా బతుకుతుందో తెలుసుకోండి. దానికి బాగా ఇష్టమైన చోటు ముక్కు ముందు భాగం, సుమారు పదిమందిలో ముగ్గురి ముక్కులో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. అక్కణ్ణుంచి వేలికి, వేలినుంచి చంకకీ గజ్జలకీ. మన చర్మం పొడిగా, కొంచెం పుల్లగా, చెమట ఉప్పుతో ఉంటుంది కాబట్టి చాలా క్రిములు అక్కడ నిలబడలేవు, దీనికి మాత్రం ఉప్పు లెక్కే కాదు, ల్యాబుల్లో దీన్ని మిగతావాటినుంచి వేరుచెయ్యడానికి 7.5 శాతం ఉప్పు కలిపిన ప్లేటు మీదే పెంచుతారు. పైచర్మంలో ఉండే కెరటిన్ లాంటి వాటికి అతుక్కునే ప్రోటీన్లు దీనికున్నాయి, దీనికుండే బంగారు రంగు కూడా తెల్ల రక్తకణాల దాడినుంచి దీన్ని కాపాడుతుంది.

ఇంకా పెద్ద సంగతి ఏంటంటే ఇది మన ఒంటి మీద ఉంటూనే మారిపోతుంది. మెక్సికోలో ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉన్న పిల్లల చర్మం నుంచి నెలల తరబడి శాంపిల్స్ తీసి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2023లో ఒక పరిశోధన బయటపెట్టారు. కొంతమంది పిల్లల్లో ఈ బ్యాక్టీరియాలోని క్యాప్‌డి అనే జీన్ పాడైపోయి, తన చుట్టూ ఉండే తొడుగు తయారు చేసుకోలేని రకం పుట్టి, చర్మమంతా అదే ఆక్రమించేసింది. తొడుగు లేకపోతే చర్మానికి ఇంకా బాగా అతుక్కుంటుందేమో అని వాళ్ళ అంచనా. మందుల విషయంలోనూ అంతే, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వస్తే 1961కల్లా దానికి లొంగని రకం బ్రిటన్‌లో కనపడింది. కాబట్టి అరకొరగా మందు వాడితే బతికి మిగిలేవి మొండివే.

ఇప్పుడు చెయ్యాల్సింది. గడ్డ లేస్తున్నప్పుడు పిండొద్దు, సూదితో పొడవద్దు, పిండితే చీము లోపలికి కూడా పోతుంది, పైగా వేళ్ళకంటి ఇంట్లో అందరికీ చేరుతుంది. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి గడ్డ మీద 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి, రోజుకి మూడు నాలుగు సార్లు. చితికితే గాజుగుడ్డ వేసి కప్పేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. సున్నం, పసుపు, ఆకుపసర్లు పట్టించొద్దు, సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది.

గడ్డ పెద్దదైతే డాక్టర్ దగ్గర కోయించి చీము తీయించుకోవాలి, అసలు వైద్యం అదే, చీము లోపల ఉండగా మాత్రలు అక్కడ సరిగ్గా పనిచెయ్యవు. ఆ చీముని కల్చర్ టెస్టుకి, అంటే అందులోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకి, పంపమని మీరే నోరు తెరిచి అడగండి, కుదిరితే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. ఏ మందుకి చస్తుందో ఏ మందుకి చావదో ఆ రిపోర్టులో రాసి ఉంటుంది. దాంతోపాటు షుగర్ టెస్టు కూడా, ఎందుకంటే షుగర్ ఉన్న సంగతి ఈ గడ్డల వల్లే బయటపడేవాళ్ళు ఉన్నారు. ఇచ్చిన మాత్రలు చెప్పినన్ని రోజులూ వాడాలి.

మెడికల్ షాపులో చెయ్యి చాపగానే ఇచ్చే క్రీముల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు రాస్తే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు ఉంటుంది, కానీ స్టెరాయిడ్ ఆ చోట ఒంటి రక్షణని తగ్గిస్తుంది, చర్మం పలచబడుతుంది, క్రిమికి అంతకన్నా ఏం కావాలి. దయచేసి రాయకండి.

గడ్డలు మానాక అసలు పని మొదలవుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఒంటి మీద మిగిలిన బ్యాక్టీరియాని పోగొట్టడానికి డాక్టర్ని అడిగి 5 రోజుల కోర్సు పెట్టుకోండి, పదే పదే వస్తుంటే ఇంట్లో అందరూ కలిసి ఒకేసారి చెయ్యాలి, ఒక్కరు చేస్తే మిగతావాళ్ళ నుంచి మళ్ళీ వచ్చేస్తుంది. ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ ఇయర్ బడ్‌తో కొంచెం తీసుకుని రెండు ముక్కు రంధ్రాల ముందు భాగంలో ఉదయం సాయంత్రం రాసి, ముక్కు రెండు పక్కలా మెల్లగా నొక్కి వదలాలి. రోజుకొకసారి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములని చంపే లిక్విడ్‌తో మెడ కిందనుంచి స్నానం, చంకలూ గజ్జలూ బాగా రుద్ది, ఒకట్రెండు నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి. కళ్ళల్లో, చెవుల్లో పడకూడదు, చంటిపిల్లలకి డాక్టర్ చెప్పకుండా వాడకూడదు.

ఆ 5 రోజులూ టవళ్ళు, లోదుస్తులు, దిండు గలేబులు రోజూ మార్చి వేడినీళ్ళలో ఉతికి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఎవరి టవల్ వాళ్ళదే, ఇంటిల్లిపాదికీ దండెం మీద ఒకే తువాలు ఉండే పద్ధతి ఆపెయ్యాలి. రేజర్లు, సబ్బు బిళ్ళ, గోళ్ళు తీసుకునే కట్టరు కూడా పంచుకోవద్దు. పిల్లల గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు వేళ్ళ సందుల్లో రాత్రిళ్ళు గోక్కుంటుంటే ముందు గజ్జికి వైద్యం చేయించాలి, గోకిన ప్రతి గీతా ఈ బ్యాక్టీరియాకి దారే.

ఇంత చేసినా వస్తుంటే మళ్ళీ కల్చర్ చేయించాలి, ముపిరోసిన్‌కి కూడా లొంగనివి ఉన్నాయి. చంకల్లో, గజ్జల్లోనే పదేపదే వచ్చి లోపల సొరంగాల్లా ఏర్పడి మచ్చలు పడుతుంటే అది హైడ్రాడెనైటిస్ అనే వేరే జబ్బు కావచ్చు, చర్మ డాక్టర్‌కి చూపించాలి. జ్వరం, చలి, ఎరుపు గంటల్లో పాకిపోవడం, ముక్కు దగ్గరా పైపెదవి మీదా గడ్డ, చంటిబిడ్డకి గడ్డ, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.