ఆదాయాల లెక్క, 3వ పాఠం: ఊళ్లో పెద్దవాళ్లు పెరిగితే

పోయిన పాఠంలో సగటు విచలనం కట్టడం చూశాం. ఒక్కొక్కరి ఆదాయం సగటుకు ఎంత దూరంలో ఉందో రాసుకుని, పైనా కిందా అని చూడకుండా ఆ దూరాలన్నీ కూడి, మనుషుల సంఖ్యతో భాగించాలి. ఈసారి ఆ లెక్కతోనే ఒక ప్రశ్న తేల్చుకుందాం. ఎవరి సంపాదనా మారకుండానే ఒక ఊళ్లో అసమానత పెరుగుతుందా?

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ప్రకాశం జిల్లాలో కొండపి వైపు ఒక ఊరు అనుకుందాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని నేను పెట్టినవి. పాతికేళ్ల వాళ్లు నలుగురు. పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర పనిచేసే కుర్రాడికి నెలకు 12 వేలు, ఆటో నడిపే అతనికి 14, సెల్ షాపులో అమ్మాయికి 16, చీమకుర్తి గ్రానైట్ క్వారీకి వెళ్లే అతనికి 18. సగటు 15 వేలు. దూరాలు 3, 1, 1, 3. కూడితే 8, నాలుగుతో భాగిస్తే 2 వేలు.

ఇక అరవై దాటినవాళ్లు నలుగురు. ఒక అవ్వకు ప్రభుత్వ పెన్షన్ 4 వేలు తప్ప ఇంకేమీ లేదు (2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ ఇంతే). ఇంకొకాయనకు పెన్షన్‌తో పాటు గేదె పాల మీద 5 వేలు, మొత్తం 9. మూడో ఆవిడకు పెన్షన్ కాక హైదరాబాదులో ఉన్న కొడుకు పంపే 8, మొత్తం 12. నాలుగో ఆయన రిటైరైన టీచరు, 35 వేలు వస్తాయి. వీళ్ల సగటు కూడా 15 వేలే! కానీ దూరాలు 11, 6, 3, 20. కూడితే 40, విచలనం 10 వేలు.

ఊళ్లో ముప్పాతిక మంది మొదటి రకం, పావు వంతు మంది రెండో రకం అయితే, 2లో ముప్పాతిక 1.5, 10లో పావు 2.5. ఊరి విచలనం 4 వేలు. పిల్లలు తక్కువ పుట్టి, కుర్రాళ్లు బెంగళూరు వెళ్లిపోయి, సగం సగం అయ్యారనుకోండి. 1, 5 కలిపి 6 వేలు. ఎవరికీ రూపాయి పెరగలేదు, తగ్గలేదు.

పెద్ద వయసులో ఇంత తేడా ఎందుకు? పాతికేళ్లప్పుడు అందరూ దాదాపు ఒకే చోట మొదలవుతారు. తర్వాత ఒకరికి బోరు ఎండుతుంది, ఒకరికి ఆపరేషన్ ఖర్చుకు అరెకరం పోతుంది, ఒకరికి సర్కారు ఉద్యోగం దొరుకుతుంది. ముప్పై నలభై ఏళ్ల ఈ మంచిచెడులు ఒకదాని మీద ఒకటి చేరతాయి. ఆర్థికవేత్తలు ఆంగస్ డీటన్ (2015 నోబెల్ గ్రహీత), క్రిస్టినా పాక్సన్ 1994లో అమెరికా, బ్రిటన్, తైవాన్ సమాచారంతో ఈ సంగతే చూపించారు. ఒకే కాలంలో పుట్టినవాళ్ల మధ్య తేడాలు వయసుతో పాటు పెరుగుతూ పోతాయి. జపాన్‌లో 1980లలో ఖర్చుల్లో పెరిగిన అసమానతలో దాదాపు సగానికి జనం వయసు పెరగడమే కారణమని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'ఇదంతా వయసు వల్లే, అసలు అసమానత పెరగలేదు' అని కొందరు ఈ లెక్కను అడ్డం పెట్టుకుంటారు. అది తప్పు. ఊరి అంకె ఎందుకు పెరిగిందో లెక్క చెబుతుంది, అంతే. ఆ అవ్వ 4 వేలతో నెల గడపడం నిజం, మందుల చీటీ నిజం.

ఇప్పుడు మీ వంతు. పెన్షన్ తీసేసి చూడండి. టీచరుగారిది ఉద్యోగ పెన్షన్, అది అలాగే ఉంటుంది. మిగతా ముగ్గురికీ 0, 5, 8 అవుతాయి. పెద్దవాళ్ల సగటు 12కు పడిపోయి, విచలనం 11.5కు పెరగాలి. మీకు వేరే అంకె వస్తే దూరాలు పాత సగటు 15 నుంచి కొలిచారేమో చూసుకోండి.

ఇప్పుడు రెండు గుంపుల సగటులూ వేరయ్యాయి, 15, 12. అందుకని పైన చేసినట్టు భాగాలు కలిపితే ఊరి లెక్క సరిగా రాదు. గుంపుల లోపలి తేడాను, గుంపుల మధ్య తేడాను విడదీయడం నాలుగో పాఠంలో చేద్దాం. ఈ ఎనిమిది అంకెలున్న కాగితం దాచిపెట్టుకోండి.