లిఫ్టు దగ్గర నోటీసు ఎలా రాయాలి: అంటురోగం వేళ అపార్ట్‌మెంట్‌లో గొడవ ముదరకుండా

విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌లో 32 ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. 2020 మార్చి నుంచి రెండేళ్లు అసోసియేషన్ సెక్రటరీగా చేశాను. ఆ రెండేళ్లలో కరోనాతో మా బిల్డింగ్‌లో ఇద్దరు పోయారు. మాస్కుల గొడవతో నాలుగిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. అందులో రెండిళ్ల వాళ్లు ఈ రోజుకీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు. జబ్బు రావడం నా చేతిలో లేదు. మాటలు ఆగిపోవడం మాత్రం కొంత నా చేతిలోనే ఉండింది, అది నాకు ఆలస్యంగా అర్థమైంది. మళ్లీ ఏ అంటురోగమో వచ్చి, మీ బిల్డింగ్‌లో ఆ బాధ్యత మీ నెత్తిన పడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు గడప చూసుకోండి. ఏ నియమం పెట్టబోయినా, అది గడప లోపలి సంగతా, బయటి సంగతా అని అడగండి. లిఫ్టు, మెట్లు, సెల్లార్, మేడ అందరివీ. అక్కడ ఒకరి ఊపిరి ఇంకొకరికి తగులుతుంది కాబట్టి అక్కడ నియమం పెట్టే హక్కు అసోసియేషన్‌కి ఉంది. ఇంట్లో ఎవరు కషాయం తాగుతున్నారు, ఎవరు టీకా వేయించుకున్నారు, ఎవరి తమ్ముడు భోజనానికి వచ్చాడు అనేవి గడప లోపలివి. వచ్చిన తమ్ముడు లిఫ్టులో మాస్కు పెట్టుకోవాలని అడగండి, అక్కడితో ఆగండి.

మేం ఆ గీత దాటాం. "ఎవరింట్లో జలుబు, జ్వరం ఉన్నా వెంటనే గ్రూపులో తెలపాలి" అని 2020 జులైలో నోటీసు పెట్టాం. ఒక్కరూ తెలపలేదు. పైగా దాచడం మొదలైంది. అంతకుముందు ఏప్రిల్‌లో మా ఊళ్లోనే కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ పేకాట ఆడటం వల్ల 20 మందికి పైగా సోకిందని అప్పటి కలెక్టర్ ఇంతియాజ్ గారు చెప్పారు. జాగ్రత్త కోసం చెప్పిన మాటే, కానీ ఊరంతా ఆ మనిషిని తిట్టుకుంది. అది చూసినవాళ్లు తమ ఇంటి జ్వరం గ్రూపులో ఎందుకు పెడతారు? మూడో అంతస్తులో ఒకాయన నాలుగు రోజులు జ్వరం దాచి, ఆక్సిజన్ పడిపోయాక ఆస్పత్రికి వెళ్లారు. ఆ నోటీసు నేను రాసింది. కాబట్టి జబ్బు వివరం గ్రూపులో అడగకండి. సెక్రటరీకి ఒక్కరికే ఫోన్ చేసి చెప్పే వీలు ఇవ్వండి. "చెబితే పేరు బయటికి రాదు, పాలు, మందులు గుమ్మం దగ్గరికి వస్తాయి" అని రాయండి. మేం ఆ ఒక్క మాట మార్చిన వారంలో ముగ్గురు ఫోన్ చేశారు.

టీకా విషయంలో కూడా గడపే కొలత. రెండు డోసులు వేయించుకోని వాళ్లని లిఫ్టు ఎక్కనివ్వొద్దని 2021 చివర్లో మా కమిటీలో గట్టిగా వాదన వచ్చింది. నేను టీకా వేయించుకున్నాను, అందరూ వేయించుకోవాలనే నా కోరిక కూడా. అయినా ఆ తీర్మానం రాయలేదు. తర్వాత 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివాక మనసు కుదుటపడింది. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదు, కానీ సమాజ ఆరోగ్యం కోసం ప్రభుత్వం తగుమేరకు ఆంక్షలు పెట్టవచ్చు అని రెండు మాటలూ అందులో ఉన్నాయి. గొడవల్లో ఒక్కో పక్షం తనకి కావలసిన సగమే చదువుతుంది. మీరు రెండు సగాలూ చదివి వినిపించండి.

ఇక మాస్కు. నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది ఇదే. నాలుగో అంతస్తు అబ్బాయి మాస్కు పెట్టుకునేవాడు కాదు. నేను సైన్సు చెప్పేదాన్ని, అతను ప్రభుత్వాన్ని అడిగేవాడు. "ఆంటీ, 2020 మే 4న మద్యం షాపుల ముందు కిలోమీటరు క్యూలు కట్టించారు. తిరుమలలో మామూలు భక్తులకి జూన్ 11 దాకా దర్శనం లేదు. ఇదేం లెక్క?" అనేవాడు. నేను ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చి మాట్లాడేదాన్ని. అది నా తప్పు. అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. నేను జవాబు చెప్పాల్సింది మా లిఫ్టుకి. మీకూ ఇలాంటి ప్రశ్న వస్తే "అది నాకూ సబబుగా అనిపించలేదు" అని ఒప్పుకోండి, నిజంగా అనిపించకపోతేనే. ఒప్పుకున్నాక లిఫ్టు దగ్గరికి రండి.

లిఫ్టు దగ్గర మాకు పని జరిగింది ఇలా. రెండో అంతస్తులో ఒక మాస్టారు ఉన్నారు. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఆరున్నరకి డయాలసిస్‌కి వెళ్లాలి. మెట్లు దిగలేరు. లిఫ్టు పెట్టె చిన్నది, నలుగురు పడితే భుజాలు రాసుకుంటాయి, ఫ్యాను తిరిగినా గాలి బయటికి పోదు. నేను మాస్టారింటికి వెళ్లి, "మీ సంగతి ఆ అబ్బాయికి చెప్పొచ్చా అండీ?" అని అడిగాను. చెప్పమన్నారు. (అడగకుండా చెప్పకండి. ఎవరి జబ్బు వాళ్లది.) ఆ సాయంత్రం అబ్బాయిని మేడ మీదికి పిలిచి ఒకటే అడిగాను: "వారానికి మూడు రోజులు, ఆరుంబావు నుంచి ఏడు దాకా నువ్వు లిఫ్టు ఎక్కకుండా ఉండగలవా నాన్నా?" కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆయన తిరిగొచ్చేది ఎన్నింటికి?" అన్నాడు. మర్నాటి నుంచి ఆ మూడు రోజులూ మెట్ల మీదే దిగాడు. ఆర్నెల్ల పాటు అతను మాస్కు పెట్టుకోగా నేను చూడలేదు, మాస్టారు దిగే వేళకి లిఫ్టులో ఉండగా కూడా చూడలేదు. నాకు అది చాలింది.

అందుకే చెబుతున్నాను, "బాధ్యతగా ఉండండి" అని రాయకండి. ఏ చోట, ఏ వేళ, ఏం చేయాలో, ఎవరి కోసమో రాయండి. మా మొదటి నోటీసు ఇలా ఉండేది: "మాస్కు లేనివారికి లిఫ్టులో ప్రవేశం లేదు. అతిక్రమించినవారికి రూ. 500 జరిమానా. ఇట్లు, కమిటీ." రెండో రోజుకే ఎవరో చింపేశారు. జరిమానా ఒక్కటి కూడా వసూలు కాలేదు, వసూలు చేసే అధికారం మాకు ఉందో లేదో చూసుకోకుండానే రాశాం. తర్వాత రాసినది ఇది, కావాలంటే మీరూ వాడుకోండి:

"మన బిల్డింగ్‌లో పెద్ద జబ్బులున్నవాళ్లు, నెలల పిల్లలు ఉన్నారు. లిఫ్టులో గాలి ఆడదు. కాబట్టి ఒకసారికి ఇద్దరే ఎక్కుదాం, మాస్కు పెట్టుకుందాం. మాస్కు ఇష్టం లేనివాళ్లు ఒంటరిగా ఎక్కండి, లేదా మెట్లు వాడండి. మాస్కు మర్చిపోతే వాచ్‌మన్ దగ్గర ఉంది, ఉచితం. ఈ నియమం ఈ నెల 30 వరకు. ఆ రోజు సాయంత్రం సెల్లార్‌లో కలిసి ఉంచాలో తీసేయాలో మాట్లాడుకుందాం."

ఇందులో చివరి తేదీ అన్నిటికన్నా ముఖ్యం. ముగింపు తేదీ లేని నియమం మీద జనానికి అనుమానం పుడుతుంది. తేదీ వేశాక ఆ రోజు తప్పకుండా కూర్చోండి, ఐదుగురే వచ్చినా సరే. మాకు తెలిసింది మారినప్పుడల్లా నియమం మారింది. మొదట్లో పాల ప్యాకెట్లు ఉప్పు నీళ్లలో కడిగి, లిఫ్టు బటన్లు గంటకోసారి తుడిపించాం. ముఖ్యంగా గాలి ద్వారానే సోకుతుందని తేలాక తుడవడం తగ్గించి, మెట్ల దగ్గర కిటికీలు తెరిపించాం. 2021 మేలో రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టినప్పుడు పాలు, కూరలు, డెలివరీలు అన్నీ ఉదయం ఆరు గంటల వ్యవధిలోనే పడి లిఫ్టు దగ్గర రద్దీ పెరిగింది. అప్పుడు సరుకులు సెల్లార్‌లో బల్ల మీద పెట్టించాం. "నిన్న అలా చెప్పి ఇవాళ ఇలా చెబుతారేం" అని అడుగుతారు. ఏం తెలిసింది కాబట్టి మార్చామో ఒక్క వాక్యంలో రాసి పెట్టండి.

ఇంకొకటి, దీనికి నేను ఇప్పటికీ బాధపడతాను. లాక్‌డౌన్ సడలించాక కూడా పనివాళ్లని లోపలికి రానివ్వకూడదని తీర్మానం చేశాం. మీటింగులో చేతులెత్తిన వాళ్లమంతా ఫ్లాట్ల వాళ్లమే. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె ఒకరోజు గేటు బయట నిలబడి, "అమ్మగారూ, మీ బాబు రోజూ ఆఫీసుకెళ్లి వస్తన్నాడు, నేనొక్కదాన్నే రాకూడదా?" అంది. నేను చెప్పగలిగిన జవాబు ఒక్కటీ లేదు. ఆమె మా బిల్డింగ్‌లోనే నాలుగిళ్లు చేసేది. మూడిళ్ల వాళ్లు జీతం ఆపేశారు. మా వంతు మేం ఇస్తున్నామని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ మూడిళ్ల తలుపు తట్టలేదు.

కాబట్టి నియమం ఖాయం చేసే ముందు, దాని బరువు ఎవరి మీద పడుతుందో వాళ్లని మీటింగ్‌కి పిలవండి. పనిమనిషి, వాచ్‌మన్, ఇస్త్రీ ఆయన, అద్దెకున్న వాళ్లు. రావద్దన్న నెలకి జీతం ఎవరు ఇస్తారో తీర్మానంలోనే రాయండి. అది రాయడానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఆ నియమం పెట్టకండి.

వాట్సాప్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పను. రాత్రి తొమ్మిది దాటాక మాస్కు మీద ఎవరు ఏం రాసినా మీరు జవాబు ఇవ్వకండి. పొద్దున్న వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి మాట్లాడండి. గ్రూపులో మీద పడి అరిచినవాళ్లే గుమ్మం దగ్గర కాఫీ తాగుతారా అని అడుగుతారు.

ఇప్పుడు, ఏ జబ్బూ లేని రోజుల్లోనే, ఆ నోటీసు కాగితాన్ని తేదీ ఖాళీగా వదిలి అసోసియేషన్ బీరువాలో పెట్టుకోండి. పక్కన ఒక పెట్టె మాస్కులు, థర్మామీటరు, రెండు పల్స్ ఆక్సీమీటర్లు. వాటిలో బ్యాటరీలు తీసేసి విడిగా కవర్లో పెట్టండి. మేం లోపలే ఉంచితే కారిపోయి ఒకటి పాడైంది.