చవితి మండపానికి బాక్సులు కలిపే ముందు ఓములు లెక్క చూసుకోండి

వినాయక చవితి దగ్గర పడిందంటే తిరుపతిలో మా రిపేరు షాపు బల్ల మీద ఆంప్లిఫయర్లు పేరుకుపోతాయి. కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు చవితితోనే మొదలు, ఇక్కడేమో వీధికో మండపం. కాలిపోయి మా దగ్గరకు వచ్చేవాటిలో చాలావరకు మంచి సెట్లే. మోయలేనన్ని స్పీకర్ బాక్సులు తగిలించడం వల్లే పోతున్నాయి.

పోయిన చవితి రోజు పొద్దున్నే ఓ అబ్బాయి ఆటోలో సెట్టు తెచ్చాడు. మూత విప్పగానే ముక్కు పగిలే వాసన. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కనుండే 0.22 ఓముల తెల్ల రెసిస్టర్లు రెండు మధ్యకు చీలి, వాటి కింద బోర్డు నల్లగా మాడి ఉంది. వెనకవైపు ‘కనీసం 4 ఓములు’ అని అచ్చు వేసే ఉంది. ‘రెండు బాక్సులతో సౌండ్ చాల్లేదన్నా, ఇంకో రెండు కలిపాం’ అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. ఈ లెక్క వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

లెక్క ఇది. 8 ఓముల బాక్సులు రెండు పేరలల్‌గా, అంటే రెండింటి వైర్లూ ఒకే టెర్మినళ్లకు కలిపితే ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు, దీన్నే ఓముల్లో కొలుస్తారు) 4 ఓములు. నాలుగు కలిపితే 2. ఆంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తోందనుకోండి, 8 ఓములకు 2.5 ఆంపియర్లు పోతుంది, 4 ఓములకు 5, 2 ఓములకు 10. ఇంపిడెన్స్ తగ్గితే కరెంటు పెరుగుతుంది, సౌండ్ కూడా పెరుగుతుంది, నిజమే. కానీ ఆ కరెంటంతా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. వేడెక్కేది అవే. పైగా పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతకుమించి లేదు. దానికోసం సెట్టు కాల్చుకోవద్దు. బాక్సుల్ని మనిషి తలకంటే ఎత్తులో పెట్టి జనం వైపు తిప్పండి, మాట స్పష్టంగా వినబడుతుంది.

నాలుగు బాక్సులూ కావాల్సిందే అంటే రెండేసి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపండి, 16 ఓములవుతుంది. ఆ రెండు జతల్నీ పేరలల్ చేస్తే మళ్లీ 8. సెట్టు నిశ్చింతగా నడుస్తుంది. వైర్లు ఆంప్లిఫయర్‌కు తగిలించక ముందు వాటి కొసల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 8 ఓముల స్పీకర్ మీటర్‌లో 6, 7 మధ్య చూపిస్తుంది, అది తప్పు కాదు. 2 కంటే తక్కువ చూపిస్తే మాత్రం కనెక్షన్ ఇవ్వొద్దు, ఎక్కడో షార్ట్ ఉంది, లేదా పేరలల్‌గా బాక్సులు ఎక్కువయ్యాయి. టెర్మినల్ దగ్గర తెగి పక్కదానికి తగిలే ఒక్క వెంట్రుకంత రాగి పోగు చాలు. పోగులన్నీ గట్టిగా మెలేసి బిగించండి.

హారన్లు కట్టేవాళ్లకు లెక్క వేరు. సెట్టు నుంచి హారన్లకు 100 వోల్టుల లైన్ వెళ్తే, ఒక్కో హారన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వాట్ల ట్యాప్ (వాట్లు ఎంచుకునే కనెక్షన్) మీద ఉందో చూసి అన్నీ కూడండి. 100 వాట్ల సెట్టుకు 20 వాట్లవి ఐదే. ఆ లైన్‌కు మామూలు 8 ఓముల బాక్సు నేరుగా తగిలిస్తే 12 ఆంపియర్లకు పైగా లాగాలని చూస్తుంది, బాక్సో సెట్టో పోవడం ఖాయం. ఆ వైరు మనిషికీ షాక్ కొడుతుంది. సెట్టు ఆపకుండా తాకొద్దు.

బాక్సు దూరంగా పెడితే వైరు లావుది వాడండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 50 మీటర్లు లాగితే రానూపోనూ దాదాపు 1.7 ఓములు. 4 ఓముల బాక్సుకు వెళ్లాల్సిన పవర్‌లో మూడో వంతుకు దగ్గరగా వైరులోనే పోతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచే బదులు ఆంప్లిఫయర్‌నే బాక్సుల దగ్గరకు జరపండి.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి. రాగి తీగ చుట్టారంటే ఇక తెగేది ఫ్యూజు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. వాన జల్లు పడుతుందని సెట్టు మీద దుప్పటి కప్పేవాళ్లున్నారు, దయచేసి వద్దు. వేడి బయటికి పోయే దారి మూసేస్తున్నారు. పైన అడుగు ఎత్తులో రేకు కట్టండి, నాలుగు పక్కలా గాలి ఆడనివ్వండి. మండపానికి తాత్కాలిక కనెక్షన్ తీసుకుని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, తడిచేత్తో తిరిగే పిల్లలుంటారు.

విగ్రహం తెచ్చే ముందు రోజే అన్నీ కలిపి సగం వాల్యూమ్‌లో గంటసేపు పాటలు పెట్టండి. ఆ తర్వాత ఆంప్లిఫయర్ బయటి డబ్బా మీద చెయ్యి ఆనించండి. పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే ఒక జత బాక్సులు తీసేయండి.