డెబ్ ప్యాకేజీ తయారైంది, లోపల బైనరీ లేదు

లాగ్ ఫైళ్లు వడకట్టడానికి సీ భాషలో చిన్న కమాండ్‌లైన్ టూల్ రాసుకున్నాను. ఆఫీసులో నలుగురు అడిగితే డెబియన్ ప్యాకేజీ (డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే డెబ్ ఫైలు) చేద్దామనుకున్నా. డాకర్ కంటెయినర్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉండే లినక్స్ వాతావరణం) రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, బిల్డ్ చేశా. ఒక్క ఎర్రర్ లేదు. అక్కడే ఇన్‌స్టాల్ చేస్తే కమాండ్ చక్కగా పనిచేసింది. పక్క సీటు ల్యాప్‌టాప్‌లో మాత్రం 'కమాండ్ నాట్ ఫౌండ్'!

సాయంత్రమంతా, కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌ను అనుమానించా. పాపం, దాని తప్పేమీ లేదు. చివరికి డీపీకేజీ-డెబ్ కమాండ్‌కి మైనస్ సీ ఇచ్చి ప్యాకేజీ లోపల చూశా: చేంజ్‌లాగ్, కాపీరైట్, అంతే; బైనరీ (నడిచే ప్రోగ్రామ్ ఫైలు) లేదు.

దొంగ నా మేక్‌ఫైలే (బిల్డ్, ఇన్‌స్టాల్ ఎలా చేయాలో రాసే ఫైలు). ఇన్‌స్టాల్ దారిని యూఎస్ఆర్-లోకల్-బిన్ అని నేరుగా రాసేశా. ప్యాకేజీ తయారీకి వాడే డెబ్‌హెల్పర్ టూల్ డెస్ట్‌డిర్ అనే వేరియబుల్‌లో ఒక తాత్కాలిక ఫోల్డర్ దారి పంపుతుంది; ఫైళ్లు అందులో పడితేనే ప్యాకేజీలోకి వెళ్తాయి. నా మేక్‌ఫైల్ దాన్ని పట్టించుకోకుండా బైనరీని కంటెయినర్‌లోకే కాపీ చేసింది. అందుకే అక్కడ పనిచేసింది! రూట్‌గా కాకుండా నడిపి ఉంటే 'పర్మిషన్ డినైడ్' అని అప్పుడే దొరికిపోయేది.

దారికి ముందు డెస్ట్‌డిర్ చేర్చా. ఈసారి డెబ్‌హెల్పర్‌లోని డీహెచ్-యూఎస్ఆర్‌లోకల్ అనే కమాండ్ అడ్డుపడింది: ప్యాకేజీ ఫైళ్లు లోకల్ కింద ఉండకూడదట. మేక్‌ఫైల్లో ప్రిఫిక్స్‌ను (దారి మొదటి భాగాన్ని) వేరియబుల్ చేసి, ప్యాకేజీ బిల్డ్ సూచనలుండే రూల్స్ ఫైల్ నుంచి యూఎస్ఆర్ అని పంపాక పనైంది. ఇప్పుడు బిల్డ్ మామూలు యూజర్‌గానే చేస్తున్నా.